కొత్తవాళ్ల చేతిలో ప్రపంచ పటం పెట్టకండి

వంతులవారీగా ఆడే స్ట్రాటజీ వీడియో గేమ్ ఒకటి చెప్పమని కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే, అలవాటున్నవాళ్ల నోటి వెంట మొదట వచ్చే పేరు ‘సివిలైజేషన్’. ఐదో భాగమా, ఆరో భాగమా అన్న దగ్గర వాళ్లలో వాళ్లకు పేచీ ఉంటుంది గానీ, సివిలైజేషనే అన్నదాంట్లో ఉండదు. పైగా రెండు కారణాలు చెబుతారు. ఈ ఆటలో గడియారం తరమదు కాబట్టి ఎవరైనా నెమ్మదిగా ఆలోచించుకుని ఆడుకోవచ్చునట. అప్పటికీ కష్టమనిపిస్తే అన్నిటికంటే తేలిక లెవెల్ పెట్టుకుంటే సరిపోతుందట. వినడానికి రెండూ ముచ్చటగానే ఉంటాయి. నా మట్టుకు నాకు ఈ సలహా మంచి మనసుతో చేసే అపకారంగా కనిపిస్తుంది.

సివిలైజేషన్ గొప్ప ఆట కాదని నేననడం లేదు. 1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ కలిసి మైక్రోప్రోజ్ కంపెనీలో దాన్ని తయారుచేశారు. క్రీస్తు పూర్వం 4000లో ఖాళీ నేల మీద ఒక ఊరు కట్టుకుని, అక్కడి నుంచి అంతరిక్ష నౌక దాకా వెళ్లే ఊహే ఒక అద్భుతం. మనవాళ్లకు ఇంకో ఆకర్షణ కూడా ఉంది: భారతదేశానికి నాయకుడిగా గాంధీ కనిపిస్తాడు. ఆ గాంధీ ఒక ప్రోగ్రామింగ్ పొరపాటు వల్ల అణుబాంబులు వేస్తాడన్న కథ ఏళ్ల తరబడి చలామణీ అయింది. అలాంటి పొరపాటేదీ లేదని 2020లో వచ్చిన తన ఆత్మకథలో మేయర్ తేల్చేశారు. అయినా ఆ కథ ఆగలేదు. ఆట చుట్టూ అల్లుకున్న ఇలాంటి ముచ్చట్లన్నీ కలిసి దానికి ‘ముందు ఇదే ఆడాలి’ అన్న హోదా తెచ్చిపెట్టాయి. పేరున్న ఆట కావడం వేరు, మొదటి ఆట కావడానికి పనికిరావడం వేరు.

2016లో వచ్చిన ఆరో భాగాన్నే తీసుకోండి. మొదటి వంతులో చేతికి ఊరు పెట్టే సెట్లర్ ఒకరూ, ఒక యోధుడూ వస్తారు. ఊరు పెట్టాలి. ఎక్కడ? నది పక్కన అని ఆట ఒక సూచన ఇస్తుంది. సరే, పెట్టారు. కొన్ని పదుల వంతులు గడిచాక క్యాంపస్ అనే విద్యా కేంద్రం కట్టే అవకాశం వస్తుంది. అది కొండల పక్కన ఉంటే ఫలితం ఎక్కువ. మీ ఊరి చుట్టూ కొండలు లేకపోతే ఆ తప్పు మొదటి వంతులోనే జరిగిపోయింది. క్యాంపస్ లాంటి డిస్ట్రిక్ట్‌ను ఒకసారి పెట్టాక తీసి ఇంకోచోట పెట్టడం కుదరదు. దాని వల్ల సైన్సులో ఎంత వెనకబడ్డారో తెలిసేసరికి ఇంకో వంద వంతులు గడుస్తాయి. మామూలు వేగంలో ఈ ఆట 500 వంతులు. అంటే మొదటి వారాంతంలో చేసిన పొరపాటుకు శిక్ష మూడో వారాంతంలో పడుతుంది. అప్పటికి ఏ తప్పుకు ఏ శిక్షో ఎవరికి గుర్తుంటుంది?

ఇంకా విచిత్రం మతవిజయం. మీరు సైన్యం పోగుచేసుకుంటూ, పొలాలు వేసుకుంటూ కూర్చుంటారు. ఎవరూ మీ మీద దండెత్తరు. ఎవరో ప్రచారకులు మీ ఊళ్ల మధ్య తిరుగుతుంటే చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఒకరోజు తెర మీద ప్రకటన వస్తుంది: అన్ని రాజ్యాల్లోనూ ఫలానావారి మతమే పైచేయి అయింది, మీరు ఓడిపోయారు. అలవాటున్నవాడు ఇది చూసి తల కొట్టుకుంటాడు, ఎందుకంటే ఎక్కడ ఆపి ఉండాల్సిందో అతనికి తెలుసు. కొత్తవాడికి ఇది తల మీద కొబ్బరికాయ పడినట్టే. ఏ చెట్టు, ఎప్పుడు దాని కిందికి వెళ్లాడు, ఏమీ తెలియదు.

గడియారం తరమదు కాబట్టి తేలిక అన్న వాదన ఇక్కడ కూలిపోతుంది. ఆలోచించడానికి తీరిక ఉండటం ఒకటి, దేని గురించి ఆలోచించాలో తెలియడం ఇంకొకటి. రెండోది లేనివాడికి మొదటిది ఎంత ఇచ్చినా ఏం లాభం? ‘తరువాతి వంతు’ బటన్ నొక్కుతూ కూర్చుంటాడు. ఇప్పటి భాగాలు తయారుచేస్తున్న ఫిరాక్సిస్ కంపెనీ వాళ్లే, 2025 ఫిబ్రవరిలో విడుదలైన ఏడో భాగం గురించి చెబుతూ, చాలామంది ఒక్క ఆట కూడా చివరిదాకా ఆడటం లేదన్నది తమకు ఎదురైన సమస్య అని ఒప్పుకున్నారు. ఆటను మూడు యుగాలుగా విడగొట్టడానికి అదొక కారణం. అభిమానుల్లో చాలామందికి ఆ మార్పు నచ్చలేదు. కానీ రోగం ఉందన్న సంగతి వైద్యుడే చెబుతుంటే, మనం మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అదే పథ్యం పెడుతున్నాం.

ఇక తేలిక లెవెల్ సంగతి. నా అభ్యంతరం అసలు ఇక్కడే ఎక్కువ.

సివిలైజేషన్ ఆరులో 8 లెవెళ్లు ఉన్నాయి. లెవెల్ పెరిగితే ప్రత్యర్థి తెలివి పెరుగుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. పెరిగేది తెలివి కాదు, కట్నం. అన్నిటికంటే పైదైన డీటీ లెవెల్‌లో కంప్యూటర్ నడిపే ప్రతి రాజ్యానికీ మొదట్లోనే 3 సెట్లర్లు ఉంటారు, మీకు ఒక్కరే. కింది లెవెళ్లలో కట్నం మీ వైపు వస్తుంది. కాబట్టి తేలిక లెవెల్‌లో గెలిచినవాడు ఎలా గెలిచాడో నేర్చుకోడు. ఏం చేసినా గెలవచ్చని నేర్చుకుంటాడు.

దీనికంటే మోసం ఇంకొకటి ఉంది. స్ట్రాటజీ ఆటల్లో గురి తగిలే అవకాశం ఇంత శాతం అని తెర మీద చూపిస్తారు. దాన్ని నమ్మి లెక్కవేసుకోవడమే ఆట. 2016లోనే వచ్చిన ఎక్స్‌కామ్ 2లో, కింది లెవెళ్లలో ఆ శాతం నిజం కాదు. ఆట మీకు చెప్పకుండా మీ గురిని పెంచుతుంది, వరసగా తప్పితే ఇంకా పెంచుతుంది. పై లెవెళ్లకు వెళ్లగానే ఆ చాటు సాయం ఆగిపోతుంది. అంతవరకూ 70 శాతం అంటే దాదాపు తగిలినట్టేనని అలవాటు పడ్డవాడు, నిజమైన 70 శాతం ఎదురైన రోజు ఆట మోసం చేస్తోందని అరుస్తాడు. పాపం, మోసం జరిగింది ఇంతకు ముందు. ఆ రోజే అది ఆగింది.

జపాన్ వాళ్ల ఫైర్ ఎంబ్లెమ్ కూడా తక్కువ తినలేదు. 2002 తర్వాత వచ్చిన చాలా భాగాల్లో అది పాచిక రెండుసార్లు వేసి సగటు తీసుకుంటుంది. దాంతో తెర మీద 90 శాతం అని ఉన్నది నిజానికి సుమారు 98 అవుతుంది. 10 అని ఉన్నది 2కి పడిపోతుంది. ఎందుకిలా చేస్తారంటే జనం సంభావ్యతను ఒప్పుకోరు కాబట్టి. 2010లో గేమ్ తయారీదారుల సదస్సులో మేయర్ ఈ మాటే చెప్పారు: ఒకటికి మూడు చొప్పున బలం ఎక్కువున్నప్పుడు కూడా ఓడిపోవడాన్ని ఆటగాళ్లు సహించలేకపోయారనీ, వాళ్ల మనసుకు తగ్గట్టు లెక్క సవరించాల్సి వచ్చిందనీ. వ్యాపారానికి అది సరే. నేర్చుకోవడానికి వచ్చినవాడికి మాత్రం తప్పుడు తూకపు రాళ్లు చేతికిచ్చినట్టు.

అయితే కొత్తవాళ్లకు ఏం చెప్పాలి? ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడిపోయామో కనిపించే ఆట చెప్పాలి. చిన్న పలక, తక్కువ పావులు, ఒక్క వంతులోనే ఫలితం. నా జవాబు ‘ఇంటూ ది బ్రీచ్’.

జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనే ఇద్దరు నడిపే సబ్‌సెట్ గేమ్స్ 2018 ఫిబ్రవరిలో దీన్ని విడుదల చేసింది. పలక 8 గళ్లు బై 8 గళ్లు, అంటే చదరంగం బల్లంత. మీకు మూడు పెద్ద రోబోలు. భూమిలోంచి పుట్టుకొచ్చే పురుగులు ఎదురు. వాటి నుంచి కాపాడాల్సినవి జనం ఉండే భవనాలు. ఎక్కువ పోరాటాలు ఐదు వంతుల్లో అయిపోతాయి. ఇందులోని ప్రాణం ఒక్క నియమంలో ఉంది: పురుగులు ముందు కదిలి, ఎక్కడ కొట్టబోతున్నాయో బాణం గుర్తుతో చూపించి ఆగుతాయి. అప్పుడు మీ వంతు. మీ దెబ్బకు శాతాలు లేవు. రెండు అని ఉంటే రెండే తగులుతుంది.

ఒక పురుగు ఒక భవనం వైపు గురిపెట్టింది అనుకోండి. కొత్తవాడికి మొదట తోచేది దాన్ని చంపడం. కానీ చంపేంత బలం ఒక్క దెబ్బలో లేదు. అప్పుడు కన్ను పక్క గడి మీద పడుతుంది. దాన్ని ఒక్క గడి పక్కకు తోస్తే అది కాల్చే వరస మారుతుంది, ఆ వరసలో ఇంకో పురుగు ఉంది. శత్రువు గుండు శత్రువుకే. పక్కన నీళ్లుంటే ఎగరలేని మామూలు పురుగును నీళ్లలోకి తోస్తే చాలు, దాని ప్రాణబలం ఎంతున్నా మునిగిపోతుంది. నేల పగిలి కొత్త పురుగు రాబోయే గడి మీద మీ రోబోను నిలబెడితే, ఒక దెబ్బ కాచుకుని దాన్ని రాకుండా ఆపొచ్చు. ఇదంతా ఎవరూ పాఠం చెప్పకుండా మొదటి గంటలోనే తడుతుంది. తప్పితే ఎక్కడ తప్పామో ఆ వంతులోనే తెలుస్తుంది, ఎందుకంటే భవనం కూలిన గడి కళ్లముందే ఉంటుంది. ఒక్కో పోరాటంలో ఒకసారి వంతు మొత్తాన్ని వెనక్కి తిప్పుకునే సదుపాయం కూడా ఇచ్చారు. ఆ ఒక్కసారిని ఎప్పుడు వాడుకోవాలన్నదే మళ్లీ ఒక స్ట్రాటజీ.

మన పల్లెల్లో పులిజూదం ఆడినవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. అక్కడ మూడు పులులు, 15 మేకలు. రెండు పక్షాల బలం ఒకటి కాదు, నడక ఒకటి కాదు, గెలిచే తీరూ ఒకటి కాదు. మేకలు నడిపేవాడు ఒక్క పులినీ చంపడు, దారులు మూసి కట్టేస్తాడు. చంపకుండా గెలవచ్చన్న సంగతి అర్థమైన పూటే ఆట పట్టుబడుతుంది. ఇంటూ ది బ్రీచ్‌లోనూ అంతే. పురుగులన్నిటినీ చంపాలన్న యావ పోయి, ఐదు వంతులు భవనాలు నిలబెట్టుకుంటే చాలని తెలిసిననాడు కొత్తవాడు కొత్తవాడు కాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. అది పజిల్ లాంటి ఎత్తుల ఆటే తప్ప స్ట్రాటజీ కాదంటారు. స్ట్రాటజీ అంటే రాజ్యం నడపడం, ఖజానా, పరిశోధన, దీర్ఘకాలపు ప్రణాళిక. మాట నిజమే, కొంతవరకు. కానీ చదరంగం దిగ్గజం కాపబ్లాంకా 1921లో రాసిన పాఠ్యపుస్తకం మొదలుపెట్టింది ప్రారంభ ఎత్తులతో కాదు, కొద్ది పావులు మాత్రమే మిగిలిన తేలిక ముగింపులతో. పావులు తక్కువున్నచోట ఒక్కో పావు శక్తి కనిపిస్తుంది. అది కనిపించాక 32 పావుల బల్ల భయపెట్టదు. మనం చేస్తున్నది దీనికి తలకిందులు.

రాజ్యమే కావాలని పట్టుబట్టేవాళ్లకూ దారుంది. 2016లో స్వీడన్ నుంచి వచ్చిన ‘పాలిటోపియా’ ఫోన్‌లో ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ఊళ్లు, పరిశోధన, సైన్యం, అన్వేషణ, సివిలైజేషన్‌లో ఉన్నవి చాలావరకు ఇందులోనూ ఉన్నాయి. కానీ దాని పర్ఫెక్షన్ పద్ధతిలో ఆట 30 వంతుల్లో ముగుస్తుంది. పదో వంతులో ఓడరేవు కట్టకపోవడం తప్పని 20వ వంతులో తెలుస్తుంది. అప్పుడే ఇంకో ఆట మొదలుపెట్టి సరిదిద్దుకోవచ్చు. కథ కావాలి, ఊరు పేరున్న యోధులు కావాలి, డబ్బు మాత్రం పెట్టలేమనే విద్యార్థులకు ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ ఉంది. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఈ ఆట పూర్తిగా ఉచితం, ఔత్సాహికులు ఇప్పటికీ మెరుగుపరుస్తున్నారు. పాచిక ఉంది, కోపమూ వస్తుంది. కానీ చూపించే శాతం అసలు శాతమే. పగలు కొందరికి బలం 25 శాతం పెరిగి రాత్రి అంతే తగ్గుతుంది, అడవిలో నిలబడ్డ ఎల్ఫ్‌ను కొట్టడం కష్టం. దెబ్బ తిన్నాక ఎందుకు తిన్నామో లెక్క చూసుకోవచ్చు.

అలవాటున్నవాళ్లు ఇంకోమాట అంటారు: మేమంతా సివిలైజేషన్‌తోనే కదా మొదలుపెట్టాం, మాకేమైంది? ఏమీ కాలేదు, నిజమే. మొదలుపెట్టి, విసిగి, వదిలేసినవాళ్లు ఈ చర్చలో లేరు. వాళ్లు ఈ ఆటలు మనకు పట్టవు అనుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మిగిలినవాళ్లనే సాక్ష్యంగా చూపిస్తున్నారు. 1999 నాటి ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ ఆట పేరు చెప్పే పాతకాపులదీ ఇదే తంతు. వాళ్లు సిఫారసు చేసేది ఆటను కాదు, తమ ఇంటర్మీడియట్ సెలవులను.

కాబట్టి ఈసారి మీ తమ్ముడో, ఆఫీసులో పక్క సీటు అమ్మాయో అడిగితే, మీకు ఇష్టమైన ఆట పేరు నోట్లోనే ఆపుకోండి. రోజుకు ఎంతసేపు ఆడగలరో, చేతిలో ల్యాప్‌టాప్ ఉందో ఫోన్ మాత్రమే ఉందో ముందు అడగండి. ల్యాప్‌టాప్ ఉంటే ఇంటూ ది బ్రీచ్, ఫోనే ఉంటే పాలిటోపియా, డబ్బు పెట్టలేకపోతే వెస్నాత్. మామూలు లెవెల్ పెట్టుకుని, ఓడిపోతే ఓడిపొమ్మనండి. సివిలైజేషన్ ఎక్కడికీ పోదు. ఆకలి పుట్టాక వాళ్లే వచ్చి అడుగుతారు.