డేటన్ కుర్రవాడి సాక్ష్యం

1925 జూలై నెల. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, డేటన్ అనే చిన్న ఊరు. ఎండలు మండిపోతున్నాయి. కోర్టు హాలు జనంతో కిటకిటలాడుతోంది. సాక్షిగా ఒక పద్నాలుగేళ్ళ కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు. మీ ఈడువాడే. అతను చూసింది దొంగతనమూ కాదు, కొట్లాటా కాదు. బడిలో మాస్టారు ఏం పాఠం చెప్పారో చెప్పడానికి వచ్చాడు!

ఆ రాష్ట్రంలో ఆ ఏడాదే ఒక చట్టం చేశారు. బైబిలు చెప్పిన సృష్టి కథను కాదని, మనిషి తక్కువ స్థాయి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ పాఠశాలల్లో చెబితే అది నేరం. జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ళ ఉపాధ్యాయుడి మీద ఈ నేరం మోపారు. నిజానికి ఆయన ఫుట్‌బాల్ నేర్పే మాస్టారు. జీవశాస్త్రం మాస్టారు సెలవులో ఉంటే కొన్నాళ్ళు ఆ తరగతి చూసుకున్నాడు. చట్టాన్ని కోర్టులో తేల్చుకోవాలని కొందరు, మన ఊరి పేరు పత్రికల్లో మోగిపోవాలని మరికొందరు ఒక మందుల షాపులో కూర్చుని, ఆయనను నిందితుడిగా ఉండటానికి ఒప్పించారు. ఊరి పేరు మోగిన మాట మాత్రం నిజం. రేడియోలో విచారణను నేరుగా ప్రసారం చేశారు. వీధుల్లో చింపాంజీని కూడా తిప్పారు.

కుర్రవాడు తనకు గుర్తున్నంత చెప్పాడు. భూమి ఒకప్పుడు వేడిగా ఉండేదని, సముద్రంలో ఒకే కణంతో జీవం మొదలైందని, మనిషి కూడా క్షీరదమేనని మాస్టారు చెప్పారన్నాడు. అప్పుడు స్కోప్స్ తరఫు లాయరు క్లారెన్స్ డారో ఒక చిన్న ప్రశ్న వేశాడు. ఇదంతా వినడం వల్ల నీకేమైనా చెడు జరిగిందా అని. లేదండీ అన్నాడు కుర్రవాడు. తరువాత పదిహేడేళ్ళ మరో విద్యార్థి వచ్చాడు. నువ్వు చర్చి సభ్యుడివేనా అని అడిగితే అవునన్నాడు. జీవమంతా ఒక్క కణం నుంచి వచ్చిందని విన్నాక చర్చి మానేశావా అంటే, లేదన్నాడు.

నేనీ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండు జవాబులే. పెద్ద పెద్ద లాయర్లు రోజుల తరబడి వాదించుకున్న చిక్కుముడిని ఆ పిల్లలిద్దరూ తమ మటుకు ఎప్పుడో విప్పేసుకున్నారు. వాళ్ళ మాట మాత్రం తీర్పులో ఎక్కలేదు. జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో నేరం రుజువైందని తేల్చింది. వంద డాలర్ల జరిమానా పడింది. ఆ జరిమానాను జ్యూరీ వేయాల్సిందిపోయి జడ్జి వేశాడన్న సాంకేతిక కారణంతో 1927లో పై కోర్టు శిక్షను కొట్టేసింది. చట్టం మాత్రం 1967 వరకు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మనం ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. స్కోప్స్ బడిలో వాడిన జీవశాస్త్ర పుస్తకాన్ని 1926లో మళ్ళీ అచ్చు వేసినప్పుడు అందులో పరిణామం అనే మాటే తీసేశారు. కోర్టు అడగలేదు, ప్రచురణకర్తలే భయపడ్డారు. ఇతర పుస్తకాలదీ కొంతవరకు అదే దారి. 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపాకగానీ, తమ పిల్లల సైన్సు చదువు ఎలా ఉందని అమెరికా గట్టిగా వెనక్కి తిరిగి చూసుకోలేదు. మధ్యలో ఎన్ని తరాల పిల్లలు బడి దాటి వెళ్ళిపోయారో ఆలోచించండి.

అవతలి పక్షాన వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ను మూర్ఖుడని కొట్టిపారేయడం చాలామందికి అలవాటు. నాకది న్యాయంగా తోచదు. ఆయన మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసినవాడు, రైతుల పక్షాన మాట్లాడినవాడు. బలవంతుడిదే బతుకు అనే మాటను సాకుగా పెట్టుకుని బలహీనులను తొక్కేస్తారని ఆయన భయం. అది వట్టి భయమేమీ కాదు. ఆ తగువులో ఉన్న పాఠ్యపుస్తకంలోనే మనుషులను జాతులుగా విడదీసి తెల్లవాళ్ళను పైమెట్టున కూర్చోబెట్టిన పేజీలున్నాయి! అది సైన్సు కాదు, సైన్సు ముసుగు వేసుకున్న అహంకారం. బ్రయాన్ ఆ పేజీల మీద పోరాడి ఉంటే ఈనాడు ఆయనకు మనం దండం పెట్టేవాళ్ళం. ఆయన పాఠం మొత్తాన్నీ ఆపాలన్నాడు. తప్పు అక్కడ జరిగింది.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? 2018లో మన కేంద్ర సహాయమంత్రి ఒకరు, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పని, పుస్తకాల నుంచి తీసేయాలని అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి దాన్ని ఖండించాయి. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వారి పదో తరగతి పుస్తకంలో జీవపరిణామం భాగం లేకుండా పోయింది. మతం కోసం తీశామని వారు చెప్పలేదు. కోవిడ్ కాలంలో పిల్లల మీద భారం తగ్గించామని, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందని చెప్పారు. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చమని లేఖ రాశారు. నా ఓటు ఆ లేఖకే. పన్నెండులో ఉన్నది జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకు కదా! పదితో లెక్కల వైపో, కామర్స్ వైపో, పనిలోకో వెళ్ళే పిల్లల సంగతేమిటి? వాళ్ళకు తమ ఒంటి చరిత్ర తెలియనవసరం లేదా?

మంత్రిగారి మాటకు వద్దాం. ఎవరూ చూడలేదు, నిజమే. తెల్లవారి లేచేసరికి వాకిట్లో తడిమట్టి మీద గిట్టల గుర్తులు, పక్కనే తెగిన పలుపు కనిపించాయనుకోండి. రాత్రి గేదె తెంపుకు పోయిందని మీ నాయనమ్మ చెప్పదూ? ఆవిడ చూసిందా? గుర్తులు చూసింది. సైన్సు చేసేదీ అదే పని. మరి కోతి మనిషిగా మారిందని డార్విన్ అనలేదు. మీరూ మీ పినతాత మనవడూ ఒకే ముత్తాత సంతానం. అంతమాత్రాన మీరు అతని నుంచి పుట్టినట్టా? మీరున్నారు కాబట్టి అతను ఉండకూడదా? మనకూ కోతులకూ ఉన్న చుట్టరికం అలాంటిదే.

గుర్తులు ఎలా దొరుకుతాయో ఒక ఉదాహరణ చెబుతాను. జమ్మూ కాశ్మీర్‌లో కాలాకోట్ ప్రాంతపు రాళ్ళలో ఎ. రంగారావు అనే మన భూవిజ్ఞాని ఎముకలున్న రాళ్ళు సేకరించారు. వాటిలో ఒక చిన్న జంతువుకు 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఇంకా పగలగొట్టని రాళ్ళు మిగిలి ఉండగానే ఆయన కన్నుమూశారు. ఆయన భార్య వాటిని అమెరికాలో పనిచేసే థెవిస్సెన్ అనే శాస్త్రవేత్తకు ఇచ్చారు. ఒకరోజు ఆయన ప్రయోగశాలలో సహాయకుడి చేతిలో ఒక పుర్రె పొరపాటున విరిగింది. అయ్యో అనుకుంటూ చూస్తే లోపలి చెవి ఎముక బయటపడింది. దాని ఒక గోడ విచిత్రంగా మందంగా ఉంది. అలాంటి చెవి ఎముక అప్పటిదాకా ఒక్క తిమింగలాల కుటుంబంలోనే తెలుసు! ఈ జంతువో, మన నల్లమలలో తిరిగే మూషిక జింకలాంటిది, నాలుగు కాళ్ళది, గిట్టలున్నది. దాని కాళ్ళ ఎముకలు కూడా నీటిలో దిగి నడిచే జంతువులకు ఉన్నట్టు బరువుగా, గట్టిగా ఉన్నాయి. పళ్ళలోని ఆక్సిజన్ పరీక్షించినా అది నీటిలో చాలాసేపు గడిపేదనే తేలింది. 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందటి ఆ జంతువు తిమింగలాలకు దగ్గరి బంధువని 2007లో ప్రకటించారు. తిమింగలం ఒంట్లో ఈనాటికీ చిన్న తుంటి ఎముకలున్నాయి, వెన్నెముకకు ఆనుకోకుండా. ఎందుకున్నాయో ఇప్పుడు మీరే చెప్పండి.

మరి దశావతారాల మాటో? మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు... ఇదే పరిణామక్రమం, మనవాళ్ళకు ముందే తెలుసు అనే మాట మీరు వినే ఉంటారు. 2019 జనవరిలో జలంధర్‌లో భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద కూడా మన రాష్ట్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి ఒకరు దశావతారాలను డార్విన్ సిద్ధాంతంతో పోల్చారు. వినడానికి బాగుంటుంది. కానీ అవతారాల కథలో చేపకు తాబేలు పుట్టలేదు. దేవుడే అవసరాన్ని బట్టి కొత్త రూపంలో వచ్చాడు. పరిణామం కథలో ఎవరూ రూపం మార్చుకోరు. తల్లికి పిల్లలు పుడతారు, పిల్లల్లో చిన్న చిన్న తేడాలుంటాయి, ఆ తేడాల్లో బతుకుకు పనికొచ్చినవి తరతరాలుగా పోగవుతాయి. పైగా అది నిచ్చెన కాదు, కొమ్మలు వేసిన మర్రిచెట్టు. రెండింటినీ కలిపితే సైన్సుకు కలిగే నష్టం సరే, పురాణానికీ నష్టమే. ప్రహ్లాదుడి కథ వింటూ కళ్ళు చెమర్చే అవ్వకు డార్విన్ సంతకం ఎందుకు కావాలి?

అన్నీ సర్దుకుపోతాయని కూడా నేననను. భూమి వయసు కొన్ని వేల ఏళ్ళేనని అక్షరం పట్టుకుని నమ్మేవారికి, రాళ్ళు చెప్పే 450 కోట్ల ఏళ్ళకు పొత్తు కుదరదు. అక్కడ రాళ్ళ మాటే వినాలి. కానీ దేవుడున్నాడా లేడా అన్నది ఆ రాళ్ళను అడిగే ప్రశ్న కాదు. డార్విన్‌ను అమెరికాలో మొదట సమర్థించిన వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే మంచి క్రైస్తవ భక్తుడు. బఠాణీ మొక్కలతో అనువంశికత గుట్టు విప్పిన మెండెల్ మఠవాసి. 20వ శతాబ్దంలో పరిణామశాస్త్రాన్ని నిలబెట్టిన వారిలో ఒకరైన డోబ్‌జాన్‌స్కీ కూడా దేవుణ్ణి నమ్మినవాడే. దేవుడు లేడనే నిర్ణయానికి వచ్చిన శాస్త్రవేత్తలూ బోలెడుమంది. డార్విన్ తానే ఆ విషయం తేల్చలేనన్నాడు. ఈ నలుగురూ ఒక గదిలో కూర్చుంటే దేవుడి గురించి పోట్లాడుకుంటారేమో గానీ, చేతిలో ఎముక పెడితే ఒకే తీరుగా పరీక్షిస్తారు.

ఈసారి హైదరాబాదు వెళితే ఒక పని చేయండి. పక్కపక్క గుట్టల మీద ఒకదాని మీద బిర్లా వారి వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద సైన్సు మ్యూజియం ఉన్నాయి. మ్యూజియంలో పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర తవ్వితీసిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం నిలబెట్టారు. గుడికి వచ్చిన కుటుంబాలు చెప్పులు వేసుకుని, పిల్లల చేయి పట్టుకుని, నుదుటి బొట్టుతోనే ఇవతలి గుట్టెక్కి దాని ముందు నోరు తెరుచుకుని నిలబడటం మీకు కనిపిస్తుంది.