వారానికి యాభై తొమ్మిది గంటలు

ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణకు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం కూడా, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది కదా, ఇక బెంగ దేనికని యాజమాన్యాలు అడగవచ్చు.

బెంగంతా ఓవర్‌టైమ్ దగ్గరే.

మూడు నెలలకు 144 గంటల వరకు ఓవర్‌టైమ్ చేయించుకోవచ్చని రెండు రాష్ట్రాలూ అన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు ఈ పరిమితి 75 గంటలే. మూడు నెలలంటే 13 వారాలు. అంటే వారానికి 11 గంటలు అదనం. 48తో కలిపితే 59. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రమాదాన్ని గుర్తించింది 55 గంటల దగ్గరే. 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలో అంతకు మించో పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని తేల్చింది. ఎడతెగని ఒత్తిడి, చాలని నిద్ర, వాటిని మరిచిపోవడానికి పట్టే సిగరెట్టూ మందూ... ఒళ్లు కుప్పకూలడానికి ముందు నలిగేది మనసే.

పరవాడ ఫార్మా కంపెనీకి బస్సులో వెళ్లి వచ్చే కార్మికురాలికి పది గంటల డ్యూటీ పది గంటలతో అయిపోదు. దానికి ముందు వంట, తర్వాత ప్రయాణం, ఇంటికొచ్చాక మళ్లీ వంట. నిద్ర చాలని మనిషికి చిన్న మాటకే కన్నీళ్లొస్తాయి, పిల్లల మీద చెయ్యి లేస్తుంది. ఆ సంగతి సూపర్‌వైజర్‌కు చెప్పుకుంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనన్న భయం. ఇష్టమైతేనే ఓవర్‌టైమ్ అంటారు. కాంట్రాక్టు కార్మికులు కాదనగలరా?

హైదరాబాద్ ఆఫీసుల్లో యోగా తరగతులు, కౌన్సెలింగ్ పెడుతున్నారు. మంచిదే. కానీ బర్న్‌అవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మనిషి జబ్బుగా కాదు, ఉద్యోగంతో ముడిపడిన పరిస్థితిగా నిర్వచించింది. పని భారం తగ్గించకుండా, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పితే ఒరిగేదేమీ లేదు.

అతి పని వల్ల వచ్చే చావుకు ‘కరోషి’ అని పేరే పెట్టుకున్న జపాన్, 2018లో చట్టం తెచ్చి ఓవర్‌టైమ్‌ను సాధారణంగా నెలకు 45 గంటలకు, ఏడాదికి 360 గంటలకు కట్టడి చేసింది. మన 144 గంటల లెక్కన ఏడాదికి 576. రెండు ప్రభుత్వాలూ ఈ అంకెను వెంటనే తగ్గించాలి.