వడపప్పా, కోసంబరియా?

గత శ్రీరామనవమి తరువాత మా బళ్ళారి ప్రాంతపు విద్యార్థి యొకడు తన వ్యాసములో "మా యింట కోసంబరి చేసిరి" అని వ్రాసెను. నేను ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన "వడపప్పు" అని దిద్దితిని. మరునాడు వాడు చిన్న గిన్నెతో వచ్చి, "అయ్యవారూ, వడపప్పుకు తిరగవాత వేయరు కదా! ఇది మా అమ్మ చెప్తే నేనే చేసినా, చూడండి" అనెను.

వాని మాటయే నిజము. నానిన పెసరపప్పునకు ఇంత ఉప్పో, టెంకాయ తురుమో చేర్చి నైవేద్యము పెట్టినచో అది వడపప్పు. దానికే కీరదోసకాయ ముక్కలు, పచ్చిమిరప, కొత్తిమీర, నిమ్మరసము చేర్చి, ఆవాలు ఇంగువలతో తిరగవాత వేసినచో కోసంబరి. వస్తువు వేఱైనప్పుడు పేరు వేఱుగా నుండుట తప్పెట్లగును?

పొరుగుమాట యింటిలోనికి వచ్చినంతమాత్రమున తెలుగు చెడిపోవునని నే ననుకొనను. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది గాని, ఇచట రెండు భాషలును ఒకే వీధిలో అంతకు ఎన్నో తరముల ముందునుండియే కాపురమున్నవి. మన పెసరయే కన్నడమున హెసరు. పూర్వము వారును పెసరనియే పలికిరి. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు, అచట పకారము హకారమైనది. మన బేడలు వారి బేళె. వీరు పరాయివారా?

నా దిగులు వేఱు. పప్పు నానవేయుట, నీరు వంపుట, టెంకాయ తురుముట, కొత్తిమీర త్రుంచుట అను పనిమాటలు మన పిల్లలలో చాలమందికి నోటికి రావు. ఇవి వాచకములో దొరకునవి కావు. చేతితో చేయుచు, తల్లి నోట వినుచు నేర్చుకొనవలసినవి.

కావున తల్లిదండ్రులారా, వారమున కొకనాడు ఈ పని పిల్లలకే యప్పగింపుడు. మగపిల్లవానికి వంటయింట పనియేమి అందురా? గుడి వంటశాలలలో, పెండ్లి పందిళ్ళలో వండువారు పురుషులే గదా! తిరగవాతకు దప్ప నిప్పుతో పనిలేదు; ఆ కాస్తయు పెద్దలు దగ్గఱ నుండి చేయింపవచ్చును. అరకప్పు పప్పును రెండు మూడు నీళ్ళ కడిగి, గంటసేపు నానవేయవలెను. గోటితో గిల్లిన తెగవలెను గాని మెత్తబడి ముద్ద కారాదు. మన యెండలకు పూటంతయు నానవేసిన పులిసిపోవును. నీరు పూర్తిగా వంపవలెను. ముఖ్యముగా, ఉప్పును నిమ్మరసమును వడ్డించు ముందే కలుపవలెను. ముందుగా కలిపినచో దోసకాయ నీరు విడుచును.

ఆనాడు వాడు తెచ్చిన కోసంబరిలో ఉప్పు ముందుగనే పడినది. గిన్నె యడుగున నీరు నిలిచియున్నది. అయినను అంతయు తిని, ఆ పుస్తకమున నేను కొట్టివేసిన మాటను మరల నా చేతితోనే వ్రాసి యిచ్చితిని.