ఆకాశంలో వెలుగులు, నేల మీద భయాలు

గుర్తు తెలియని వెలుగులు ఆకాశంలో పదేపదే కనిపించినప్పుడు ఏం చేయాలి? మన దేశంలోనే జరిగిన రెండు ఘటనలు ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు చెబుతున్నాయి.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లద్దాఖ్ సరిహద్దులో కాపలా ఉన్న మన సైనికులు ఇటువంటి వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి మన వైపు వచ్చాయని భావించారు. పసుపు వన్నె గోళం ఒకటి చైనా వైపు దిగంతాన పైకి లేచి, గంటల తరబడి నెమ్మదిగా కదిలి కనుమరుగవుతోందన్నది వారి కథనం. అవి చైనా డ్రోన్లు కావచ్చునన్న అనుమానం బలపడింది. రాడార్లకు మాత్రం ఏమీ చిక్కలేదు.

చివరకు భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ పరిశోధకుల సహాయం కోరారు. సైనికులు రాసిపెట్టిన వేళలనూ దిశలనూ గ్రహాల గమనంతో పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, అవి గురు, శుక్ర గ్రహాలని తేల్చారు. ఆ ఏడాది చలికాలంలో గురుడు సాయంత్రం ఉదయించి రాత్రంతా వెలిగాడు. తెల్లవారుజామున శుక్రుడు వేగుచుక్కగా వచ్చేవాడు. గ్రహాలు తూర్పున ఉదయించి పడమటికి సాగుతాయి. ఆ సరిహద్దుకు తూర్పున ఉన్నది చైనా. భూభ్రమణం వల్ల ప్రతి రాత్రీ సహజంగా జరిగే ప్రయాణమే చొరబాటుగా తోచింది.

దీనిని నవ్వి వదిలేయడం తగదు. పలుచని గాలిలో, చిమ్మచీకటిలో గ్రహకాంతి అసాధారణంగా కనిపిస్తుంది. చూసింది చూసినట్టు నమోదు చేయడం సైనికుల విధి. 2013 ఏప్రిల్‌లో దెప్సాంగ్‌లో చైనా సైనికులు గుడారాలు వేయడంతో ఇరుసేనలు సుమారు మూడు వారాలు ఎదురెదురుగా నిలిచాయి. అటువంటి వాతావరణంలో ఒక్క తప్పుడు అంచనా కూడా ప్రమాదకరమే.

2002లో తూర్పు ఉత్తరప్రదేశ్ అనుభవం దీనికి భిన్నం. అది దేశమంతటా వర్షాలు ముఖం చాటేసిన కరువు సంవత్సరం. ఉక్కపోతకు, కరెంటు కోతలకు తాళలేక పల్లెల్లో జనం ఆరుబయట పడుకునేవారు. రాత్రివేళ ఎరుపు, నీలం కాంతులు చిమ్ముతూ ఏదో ఎగిరి వచ్చి ముఖం మీద గాయాలు చేస్తోందన్న ప్రచారం మీర్జాపూర్ పరిసరాల్లో వ్యాపించింది. ‘ముహ్‌నోచ్వా’, అంటే ముఖం రక్కేది, అని దానికి పేరు పెట్టారు. కొందరు పోలీసు అధికారులు అది పురుగుల పని అన్నారు. కొందరు శాస్త్రవేత్తలు గోళాకారపు మెరుపు కావచ్చునన్నారు. సామూహిక భయమే కారణమని కొందరు వైద్యులు చెప్పారు. జనం ఏ మాటనూ నమ్మలేదు. కర్రలతో రాత్రి గస్తీలు మొదలయ్యాయి. రక్షణ కోరుతూ ఒకచోట గుమిగూడిన జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులు కాల్పులు జరపగా ఒకరు మరణించారు.

రెండు చోట్లా జనం చూసింది వెలుగునే. ఒకచోట దానికి లెక్కలు ఉన్నాయి, వాటిని అర్థం చేసుకోగలవారిని అడిగారు. రెండోచోట నమోదు లేదు, అందరూ నమ్మదగిన ఒక్క గొంతూ లేదు. ఆ ఖాళీని వదంతి ఆక్రమించింది. మన పల్లెల్లో కొరివి దయ్యం కథలు వినని వారుండరు. తెలియని వెలుగుకు పేరు పెట్టుకోవడం మనిషి స్వభావం. ఆ పేరు సకాలంలో సరైన చోటు నుంచి వస్తుందా అన్నదే ప్రశ్న.

ఇందుకు తెలంగాణలో ఒక మంచి సంప్రదాయం ఉంది. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం శీతాకాలంలో భారీ బెలూన్లను ప్రయోగించే ముందు పత్రికా ప్రకటన ఇస్తుంది. పరికరాలు పారాచూట్లతో ఏయే జిల్లాల్లో దిగవచ్చునో చెప్పి, వాటిని తాకకుండా పోలీసులకు తెలపాలని కోరుతుంది. అయినా 2022 డిసెంబరులో అలాంటి బెలూన్ కనిపించినప్పుడు జనంలో కలకలం రేగింది. ప్రకటన ఇస్తే చాలదు, అది చివరి గ్రామం దాకా చేరాలి.

ఉపగ్రహాలూ డ్రోన్లూ పెరుగుతున్న కొద్దీ ఇలాంటి కలవరం తరచుగా ఎదురవుతుంది. ఫిర్యాదు అందినప్పుడు సమయం, దిశ రాసుకోవాలని పోలీస్ స్టేషన్లకు నేర్పడం, జిల్లా యంత్రాంగం ఆ రాత్రే శాస్త్రవేత్తలను సంప్రదించి ప్రజలకు తెలియజేయడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మీర్జాపూర్ పరిసరాల్లో 2002లో కొరవడినవి ఇవే.