బడి తగవు బడిలోనే తీరాలంటే...

హైస్కూలు పిల్లల తగవులకు మూలం తరచు చాలా చిన్నది. బస్సులో సీటు, కబడ్డీలో ఒక పాయింటు, పేరు వంకరగా పిలవడం, ఈమధ్య సెల్‌ఫోన్‌లో పంపిన ఒక ఫొటో. సాయంత్రానికి ఆ తగవు ఇంటికి చేరుతుంది. పిల్లలు రెండు ఊళ్లవారైతే అది ఊళ్ల తగవు, రెండు వాడల వారైతే కులాల తగవు అయ్యే ప్రమాదం ఉన్నది. పిల్లలు మర్నాడే కలిసిపోయినా పెద్దల మధ్య మాటలు ఏళ్ల తరబడి ఆగిపోతాయి.

పూర్వం ఇటువంటి వాటికి బెత్తమే మందు. ఇద్దరికీ చెరి రెండు దెబ్బలు పడేవి. తగవు తీరేది కాదు, గేటు బయటికి మారేది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తం పోవలసిందే. దాని స్థానంలో ఏమి రావాలన్నదే ప్రశ్న.

తోటి విద్యార్థులకే శిక్షణ ఇచ్చి మధ్యవర్తులుగా నియమించడం ఇందుకు ఒక మార్గం. అమెరికా పాఠశాలల్లో ఈ పద్ధతి 1980ల నుంచి వ్యాపించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరుగుపొరుగు తగవులు తీర్చడానికి ఏర్పడిన కమ్యూనిటీ బోర్డ్స్ సంస్థ దీన్ని బడులకు తీసుకువెళ్లిన వాటిలో ఒకటి. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్సన్ సోదరులు మరో అడుగు ముందుకు వేశారు. కొందరికే కాక తరగతిలో అందరికీ ఈ విద్య నేర్పి, రోజుకు ఇద్దరు చొప్పున వంతులవారీగా మధ్యవర్తులను చేయాలన్నది వారి విధానం. దీనివల్ల ఉపాధ్యాయుల దాకా వచ్చే తగవులు బాగా తగ్గాయని వారి పరిశోధనలు తెలిపాయి.

పద్ధతి సులభమే. ముందు ఇద్దరూ ఇష్టపడాలి, బలవంతం పనికిరాదు. ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు అడ్డు రాకూడదు, తిట్టకూడదు. మధ్యవర్తి తాను విన్నది తిరిగి చెప్పి, "నీవు చెప్పింది ఇదేనా?" అని అడుగుతాడు. తరువాత ఎవరికి ఏమి కావాలో ఇద్దరిచేతా చెప్పిస్తాడు. కుదిరిన ఒప్పందం కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటారు. అక్కడి మాట బయట చెప్పరాదు. ఎవరికైనా అపాయం ఉన్నదని తెలిస్తే మాత్రం వెంటనే ఉపాధ్యాయునికి చెప్పాలి.

రచ్చబండకు, దీనికి తేడా ఇక్కడే ఉన్నది. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు తీర్పు చెబుతారు, తప్పు వేస్తారు. ఓడినవాడు తల వంచుకొని వెళతాడు, మనసులో కక్ష ఉంచుకుంటాడు. విద్యార్థి మధ్యవర్తి తీర్పు చెప్పడు. పరిష్కారం తగవులాడినవారి నోటినుంచే రావాలి. తాము ఒప్పుకున్న మాట కనుక నిలబెట్టుకుంటారు.

అయితే ఇందులో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది ఎంపిక. క్లాసు ఫస్టు వచ్చేవారినో, పలుకుబడి గలవారి పిల్లలనో ఎంచితే అది మరో పెత్తనం అవుతుంది. అన్ని ఊళ్ల, అన్ని వాడల పిల్లలు, ఆడపిల్లలు, అల్లరివారని పేరుపడ్డవారు కూడా అందులో ఉండాలి.

రెండోది హద్దు. ఒకడు బలవంతుడై మరొకడిని నిత్యం హింసిస్తుంటే అది సమానుల తగవు కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ పడమనడం బాధితునికి రెండో దెబ్బ. కులం పేరుతో దూషణ, ఆడపిల్లలపై వేధింపు, కత్తి, మత్తు పదార్థాలు పిల్లల మధ్యవర్తిత్వానికి వచ్చేవి కావు. ముఖ్యంగా పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. దానిని రాజీతో కప్పిపుచ్చడం నేరమే.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక గది, వారానికి ఒకటి రెండు పీరియడ్లు, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు చాలు. తల్లిదండ్రులు చేయవలసిందీ ఒకటున్నది. పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి వస్తే పదిమందిని వెంటబెట్టుకొని బయలుదేరే ముందు, బడిలో మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక రోజు గడువు ఇవ్వాలి. ఊళ్లో సగం గొడవలు ఆ ఒక్క రోజులోనే చల్లారతాయి.