దిబ్బకు పెట్టిన పేరు

భట్టిప్రోలులో పాత దిబ్బలున్నాయి. ఒకటి విక్రమార్క కోట దిబ్బ. రెండోదాని పేరు ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయవచ్చునా అని కాసేపు తటపటాయించాను. ఊరంతా అనుకున్న మాట, పురావస్తు శాఖ వారి పుస్తకాలకెక్కిన మాట నేను దాస్తే దాగుతుందా? లంజదిబ్బ!

చిన్నప్పుడు ఆ పక్క ఊళ్ళో మా మేనమామ గారింటికి వెళ్ళినప్పుడు "ఆ దిబ్బేమిటి మామయ్యా?" అన్నాను, పేరు పెట్టి మరీ. నెత్తిన ఒక్క మొట్టికాయ వేశారు. విక్రమార్కుడి సంగతి అడిగితే మాత్రం భేతాళుడితో సహా ఆ రాత్రంతా చెప్పారు. పేరు పెట్టిన పెద్దలకు పడవలసిన మొట్టికాయ అడిగిన కుర్రాడికి పడిందని ఈనాటికీ నా ఫిర్యాదు.

ఎందుకంటారా? మనం తిట్టిపోసిన ఆ దిబ్బ ఒక బౌద్ధ మహాస్తూపం. 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే అందులో ధాతువులు దాచిన మూడు రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మి అక్షరాలు, కుబిరకుడనే రాజు పేరు. కొన్ని అక్షరాలు అశోకుడి శాసనాల్లోని వాటిలా లేవు. ఆ వింత అక్షరాల పుణ్యమా అని భట్టిప్రోలు పేరు విదేశీ పండితుల నోళ్ళకెక్కింది. విక్రమార్కుడు అక్కడ కాలు పెట్టిన దాఖలా మాత్రం నాకెక్కడా కనబడలేదు.

పల్లెటూరివాళ్ళకు చరిత్ర విలువ తెలియదని పట్నవాసులు దెప్పుతుంటారు. అయ్యా, రే రాకముందే ఆ స్తూపం ఇటుకలు రోడ్డుకు పోయాయి. పాలరాళ్ళు వెల్లటూరు కాలువ లాకుకు పోయాయి. లాకు కట్టించింది పలకా బలపం ఎరగని పాలేరా? లెక్కలూ నక్షలూ వచ్చిన దొరలు!

పేరుదేముందిలెండి అంటారా? చాలా ఉంది. రాజుగారి కోట అనుకున్నచోట గునపం వెయ్యడానికి చెయ్యి కాస్త వెనకాడుతుంది. ఇలాంటి పేరున్నచోట ఎవరు వెనకాడతారు? గుడివాడ బౌద్ధ దిబ్బకూ ఇదే బిరుదు తగిలించాం.

ఇక వేదికలెక్కి "తెలుగు పుట్టింది ఇక్కడే" అని గొంతు చించుకునే పెద్దలకు ఒక దండం. ఆ భరిణెల మీది భాష ప్రాకృతం. రెండువేల ఏళ్ళకు పైబడిన రాత మన డెల్టా మట్టిలో దొరికిందంటే చాలదా? లేనిది అతికించడమెందుకు, ఉన్నదాన్ని తిట్టడమెందుకు?

విక్రమార్కుడి కథ మానమని నేననను. పిల్లలకు చెప్పండి, భేతాళుణ్ణీ వదలకండి. ఆ రాత్రే కుబిరకుడి పేరు కూడా ఒక్కసారి చెప్పండి. వీలైతే మర్నాడు స్తూపం దగ్గరికి తీసుకెళ్ళండి. దాని పేరేమిటని వాళ్ళడిగితే మహాస్తూపమనండి. పాత పేరు ఎవరో చెప్పనే చెబుతారు. అప్పుడు మాత్రం మొట్టికాయ వెయ్యకండి.