సత్యభామ కెన్నియేండ్లు?

నాటకము చలనచిత్రముగా మారునపుడు మొట్టమొదట పుట్టు తగవు కథను గూర్చి కాదు, పద్యములను గూర్చియు కాదు. ప్రధానవేషము ఎవరిదను దానిని గూర్చి. ఇరువదియేండ్లు ఒక వేషమును రంగస్థలముపై పోషించి, ఊరూర పేరు తెచ్చుకొన్న వానికి తెరనుండి పిలుపు వచ్చునప్పటికి తల నెరసియుండును. అతనినే పిలువవలెనా, లేక నునుపుచెక్కిళ్ల పడుచువానిని వెదకవలెనా? ఈ నెల సోదరీమణులతో ఈ సంగతినే ముచ్చటింప దలచితిమి. ఇది నాటకాలవారి గొడవ, మనకేల యని పుట త్రిప్పవలదు. ఇందు స్త్రీల వయస్సును గూర్చిన లెక్క యొకటి దాగియున్నది.

మా మద్దికెర ప్రాంతమున నాటకమనిన బళ్లారి పేరే ముందు వచ్చును. గుంతకల్లు మాకు పొరుగు. అచ్చటినుండి బళ్లారి దూరము కాదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిజిల్లాలోనే యుండెను. ఆ బళ్లారిలో వకీలుగా నుండి, తెలుగు, కన్నడ, ఆంగ్లభాషలలో నాటకము లాడిన రాఘవగారి పేరు వినని యిల్లు ఈ సీమలో అరుదు. 1880లో తాడిపత్రిలో పుట్టినవారు. తెలుగు నాటకమున పద్యములను, పాటలను విరివిగా ప్రవేశపెట్టిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వీరికి మేనమామ. మేనమామ పాటను తెచ్చిన రంగస్థలముననే మేనల్లుడు, కథ నిలిచిపోవునట్లు రాగము సాగదీయరాదని వాదించుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచును. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవారిలో వీరు ముఖ్యులు; కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి గృహిణులు వీరి ప్రోత్సాహముననే రంగమెక్కిరి.

1936లో ద్రౌపదికథనే రెండు కంపెనీలవారు పోటీపడి చిత్రములుగా తీసిరి. ‘ద్రౌపదీ మానసంరక్షణము’న రాఘవగారు దుర్యోధనుడు, అప్పటికి వారికి ఏబదియైదేండ్లు నిండినవి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’న యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, కన్నాంబగారు ద్రౌపది. రెండవ చిత్రము గెలిచినది, మొదటిది నిలువలేదు. రాఘవగారి వయస్సే దీనికి కారణమని కొందరందురు. మేము పూర్తిగా ఒప్పుకొనము. యడవల్లివారును రంగస్థలమున పండినవారే కదా! అయినను ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు.

రంగస్థలమున నటునికిని మనకును నడుమ పదిపదునైదు గజములుండును. పెట్రోమాక్సు వెలుతురున అర్దళము పూసిన మొగము మీది ముడుతలు ఎవరికిని కానరావు. మనకు వినవచ్చునది గొంతు, కనవచ్చునది నడక. ఆ రెండును సాధనచేత బాగుపడునవే గాని చెడునవి కావు. కనుక రంగమున ఏబదియేండ్ల దుర్యోధనుడు ముప్పదియేండ్ల దుర్యోధనునికంటె గొప్పవాడగుట సహజము. కెమెరా యట్లుగాదు; ముక్కు దగ్గరకు వచ్చి నిలుచును. పిల్లపెండ్లికి చూడవచ్చిన వియ్యపురాలివలె రూపము ముందు చూచి, గుణము పిదప విచారించును!

మూడేండ్లకు, 1939లో, గూడవల్లి రామబ్రహ్మముగారు ‘రైతుబిడ్డ’ తీయుచు రాఘవగారికి రైతువేషము నిచ్చిరి. ఆ వేషమునకు వయస్సు బరువు కాలేదు, బలమైనది. ఎండకు కమిలిన ముఖమునకు ముడుతలే అలంకారము కదా. వేషమును మనిషి వయస్సునకు తగినట్లు ఎన్నుకొన్నచో కెమెరా సైత మెదురు చెప్పదని దీనివలన తేలినది.

అయితే ఈ న్యాయ మందరికి నొక్కతీరున జరిగినదా? 1977లో ‘దానవీరశూర కర్ణ’లో నందమూరి తారక రామారావుగారు తాము 53 ఏండ్ల వయస్సున నదే దుర్యోధనుడైరి. కర్ణుడును, కృష్ణుడును గూడ వారే. ఆ దుర్యోధనునికి భానుమతితో యుగళగీతము గూడ నుండెను! జనులు బ్రహ్మరథము పట్టిరి. ఇరువదియైదేండ్లకు పైగా తెరమీదనే చూచుచు వచ్చిన ముఖము కావున ప్రేక్షకులకు దాని ముడుతలు కానరాలేదు. ఈ యదృష్టము నాటకమునుండి నడివయస్సున వచ్చిన రాఘవగారికి లేకపోయెను.

ఇక స్త్రీల సంగతికి వత్తము. ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారము’ మన పాటల నాటకములలో మేటి. అందు సత్యభామ వేషముతో దేశమును మోహింపజేసినవారు స్థానం నరసింహారావుగారు. 1902లో బాపట్లలో పుట్టిన పురుషుడు. సత్యభామ నోట ప్రసిద్ధమైన పాటను తామే వ్రాసికొని, ఒక్కొక్క చరణమును తీరుతీరుల భావములతో పాడెడివారు. నలుబదియేండ్లు దాటినను ఆ వేషము విడువలేదు; చూచువారును విడువనీయలేదు. 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. నలుబది దాటిన పురుషుడు సత్యభామ కావచ్చునన్న మాట జ్ఞాపకముంచుకొనుడు.

ఆ కథ 1935లో తెర కెక్కినపుడు సత్యభామ ఋష్యేంద్రమణిగారు. రంగస్థలమున ఆరితేరిన గాయని, వయస్సు 18. ఇరువదిరెండేండ్లు గడచినవి. 1957లో ‘మాయాబజార్’ వచ్చినపుడు ఆమెకు 40. అందామె సుభద్ర, అభిమన్యుని తల్లి. అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావుగారు, అప్పటికి వారికి 32 ఏండ్లు. ఎనిమిదేండ్ల వయస్సున నామె యా కుమారుని గన్నదని తెర లెక్క! సుభద్రగా ఆమె రాజసము మరువరానిది. ఆ మాట వేరు. కాని స్థానమువారు నలుబదిలో సత్యభామగా వెలుగగా, నిజముగా స్త్రీయైన ఆమెకు అదే వయస్సున దక్కినది తల్లివేషము.

1966లో తులాభారము మరల తెర కెక్కినది. కృష్ణుడు రామారావుగారు, 43 ఏండ్లు. సత్యభామ హంపిలో పుట్టిన జమునగారు, ముప్పదికి సమీపించుచుండిరి. 1957లో ‘వినాయక చవితి’లోను వీరిరువురే కృష్ణుడు, సత్యభామ. 1971లో ‘శ్రీకృష్ణసత్య’ వచ్చునప్పటికి కృష్ణునికి 48. ఆయన మారలేదు, సత్యభామ మారినది. ఈసారి జయలలితగారు, 23 ఏండ్లు. జమునగారి సత్యభామకు సాటిలేదనుట మాకు గూడ సమ్మతమే. కాని కృష్ణునికి పెరుగు వయస్సు సత్యభామకు పెరుగరాదను నియమ మెవరు చేసిరి?

1966 చిత్రమున రుక్మిణి యెవరో చూడుడు. అంజలీదేవిగారు, వయస్సు 39. మేము దీనిని గూర్చి చాలసేపు తలపోసితిమి. నలుబదికి చేరువయైన నటికి ఓర్పుగల రుక్మిణి, ముప్పది నిండనివారికి అలుగు సత్యభామ! అనగా స్త్రీకి వయస్సు వచ్చినకొలది శాంతమే గాని కోపము, గర్వము, వలపు ఉండరాదని తెరవారి యభిప్రాయము కాబోలు. మన యిండ్లలో నలుబదియేండ్ల యిల్లాండ్ర నెరిగిన వారెవ్వరును ఈ మాట నమ్మరు. భాగవతమున సత్యభామకు భానుడు మొదలుగా పదుగురు కుమారులని చెప్పబడినది. పదుగురు బిడ్డల తల్లిని కొత్తపెండ్లికూతురుగా చూపుట యే పురాణసమ్మతము?

పాట సంగతి గూడ కొంత చెప్పవలెను. తొలినాళ్ల చిత్రములలో నటులే తమ పాటలు పాడుకొనవలెను గనుక గొంతున్నవారికే వేషము దక్కెను. నాటకమువారికి పిలుపు వచ్చినది అందువలననే. 1940 దాటిన పిదప నేపథ్యగానము క్రమముగా స్థిరపడినది. 1966లో సత్యభామ పాట పి. సుశీలగారి గొంతున వినబడినది. మధురమే, సందేహము లేదు. కాని గొంతు ఎరువు దొరకునపుడు ముప్పదియేండ్ల సాధనతో పనియేమి? వయస్సుతో పండునది గొంతు, వయస్సుతో వాడునది మేను. పండుదానిని వేరుచేసి యొకరికిచ్చి, వాడుదానినే ఎదుట నిలిపి తూచుట మొదలైనది.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. అమెరికాలో ‘మై ఫెయిర్ లేడీ’ యను పాటల నాటకము 1964లో చిత్రమైనపుడు నాటకములోని గురువు రెక్స్ హారిసన్‌నే, 56 ఏండ్లున్నను, తీసికొనిరి. శిష్యురాలు జూలీ ఆండ్రూస్‌ను మాత్రము మాని, అప్పటికే తెరపై పేరున్న ఆడ్రీ హెప్‌బర్న్‌ను తెచ్చి, పాటలలో పెక్కింటిని మరొక గాయనిచే పాడించిరి. ఇక 1974లో వచ్చిన ‘మేమ్’ చిత్రమున వేషము నాటకమున దానిని గెలిపించిన ఏంజెలా లాన్స్‌బరీకి గాక, ఆమెకంటె పదునాలుగేండ్లు పెద్దదైన లూసిల్ బాల్‌కు దక్కినది. పెద్దవయస్సు స్త్రీకి అవకాశమిచ్చిరని సంతోషింతుమా? ఆమె ముఖము కనబడినప్పుడెల్ల తెర మంచు కమ్మినట్లు మసకబారును. ముడుతలు దాచుటకై కటకమునకు చేసిన యేర్పాటది, పత్రికలవారు నవ్విపోసిరి. వయస్సు వచ్చిన స్త్రీని పిలిచియు ఆమె వయస్సును చూపుటకు వెరచిరి.

మా సీమ తిరునాళ్లలో నేటికిని హరిశ్చంద్ర నాటకము తెల్లవార్లు జరుగుచుండును. ఏబది దాటిన చంద్రమతిని మేము చూచితిమి. పగలంతయు బస్సులో ప్రయాణము చేసివచ్చి, కాటిసీనునాటికి కోడికూత సమయమగుచున్నను, లోహితుని ఒడిలో నుంచుకొని ఆమె పద్యమెత్తగానే ముందువరుసలోని ముసలమ్మలనుండి వెనుక నిలుచున్న హమాలీలవరకు నిశ్శబ్ద మాయెను. ఆమె వయస్సెంతయని ఎవ్వరు నడుగలేదు. మా ప్రక్కనున్న పడుచుపిల్ల మాత్రము, “అమ్మా, ఆమె నిజముగా ఏడ్చుచున్నదా?” యని తల్లి నడిగెను.

ఎవరైన తులాభారమును మరల చిత్రముగా తీయదలచినచో మా సలహా యొకటి. సత్యభామను నలుబదియైదేండ్ల స్త్రీని తెండు. తన పాట తానే పాడునది, అలుక యననేమో సంసారమున నెరిగినది, తూనిక వేళ తన నగలన్నియు తక్కెడలో పడవేయుచు మొగమెత్తి చూడగలది. కటకమునకు మసక పెట్టవలదు. కృష్ణుని వేషమునకు మాత్రము ఎంత చిన్నవానిని తెచ్చినను మాకు అభ్యంతరము లేదు.